లాభంతో మొదలయ్యే లెక్క

జగ్గయ్యపేటలో కుటుంబరావు గారిది పచారీ కొట్టు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో షుగరు వచ్చింది, నడవమన్నాడు డాక్టరు. ఈయన ఏకంగా పరుగే మొదలుపెట్టారు. ఆదివారాలు సాగర్ కాలవ కట్ట మీద పరిగెత్తే మా పదకొండు మందిలో చేరి పన్నెండోవారయ్యారు. పరుగని పేరే గానీ, సైకిళ్ళ మీద పాలవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ ఆయన్ని దాటిపోయేవారు.

అయినా ఆయన లేనిదే మాకు అడుగు పడేది కాదు. మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చే రోజుల్లో ఆ కట్ట వారానికో రకంగా ఉంటుంది. శనివారం సాయంత్రం మోపెడ్ మీద అంతా తిరిగి చూసొచ్చి, గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేవారు.

"రేపు మంచు బాగా ఉంటదండి. రెండో తూము కాడ ట్రాక్టరు గాడి పడింది, చీలమండలు జాగ్రత్త. ఆ పక్కనే మిరపకాయలు ఆరబోశారు, తొక్కమాకండి, పాపం."

పరుగులో ఎప్పుడూ ఆఖరున ఉండేవారు. అదేమంటే, "వెనకబడ్డోళ్ళకి వెనకాల ఇంకోడు ఉండాలండి, లేకపోతే దిగులు పడతారు" అనేవారు.

బియ్యం కొలిచే అలవాటు ఆయన నోట్లోంచి పోలేదు. కొలిచేవాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. పరుగుకి ముందూ తర్వాతా ఛాతీ మీద చెయ్యి వేసుకుని "లాభం" అని, ఆ పైన మా వైపు వేలు చూపిస్తూ "రెండు, మూడు" అని పన్నెండు దాకా లెక్కపెట్టేవారు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఒకటి ఏం పాపం చేసిందండీ అని ఏడిపించేవాణ్ణి.

"మీది బడి లెక్క, నాది కొట్టు లెక్క మేష్టారూ" అని నవ్వేవారు.

పోయిన ఫాల్గుణంలో ఒక ఆదివారం పొగమంచు ముంచేసింది. పది అడుగుల అవతల మనిషి ఆనలేదు. పరుగు ముగించి వంతెన దగ్గర మా బళ్ళ పక్కన చేరాం. అందరికీ ఆకలి. సరదాకి నేను కుటుంబరావు గారి గొంతు పెట్టి "లాభం" అన్నాను. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే నాతో మొదలుపెట్టి రెండు, మూడు అనుకుంటూ పోయాను. పన్నెండు వచ్చింది.

"కుటుంబరావు గారు వచ్చారా సార్?" అని చందన అడిగింది. మాలో అందరికంటే చిన్నది, బ్యాంకులో పనిచేస్తుంది.

"పన్నెండూ సరిపోయాయి కదమ్మా. ఇక్కడే ఎక్కడో ఉంటారు" అన్నాను. లెక్కల మాస్టారు చెప్పాక ఇంకెవరు అడుగుతారు?

రెండో తూము దగ్గర మిరపకాయలు తిరగేయడానికి వచ్చిన పుష్పవతి అనే కూలి మనిషి, మంచు విడిచాక ఆయన్ని చూసింది. గాడి పక్కన పడి ఉన్నారట. అప్పటికి నేను రెండో దోసె తింటున్నాను. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ప్రాణం పోయింది. గుండెపోటు. గంట ముందు తెచ్చి ఉంటే బతికేవారని డాక్టరు అన్నాడు. వంతెన దగ్గర లాభం అన్నప్పుడు నేను ఛాతీ మీద చెయ్యి వేసుకోలేదు, నన్ను రెండుగా లెక్కపెట్టాను; అక్కడ ఉన్నది పదకొండు మందిమే. ఆ గంట నా దగ్గరే ఉంది. నేనే పోగొట్టాను.

పదో రోజున ఆయన భార్య చూడామణి గారు నా చేతికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి పక్కన కూర్చున్నారు.

"వయసైంది, ఒంటరిగా ఎక్కడైనా పడిపోతారని నేను గోల చేసేదాన్నండి. మాలో లెక్కల మేష్టారున్నారే, మనిషి తప్పిపోతే ఆయనకి తెలవదా అనేవారు."

గ్లాసు కింద పెట్టి లేచాను. చెప్పాలనే వెళ్ళాను, చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు నేనే లెక్కపెడుతున్నాను. ఒకటితో మొదలుపెడతాను, పదకొండు వస్తుంది. సరైన లెక్కే. అయినా అందరూ టిఫినుకి వెళ్ళాక, కట్ట మీద రెండో తూము దాకా వెనక్కి నడిచి, ఎవరూ లేరని చూసుకుని వస్తాను.