అత్తయ్య చూడని క్లైమాక్స్

నేను నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఇల్లు జగ్గయ్యపేటలో. ఆ వేసవిలో మా కాలేజీ వాళ్లు ఒక సెమినార్ పెట్టి, నన్నూ మాట్లాడమన్నారు. తెలుగులో బాగా పేరున్న ప్రేమ నవల ఒకటి మూడుసార్లు తెరకెక్కింది. మొదట నలుపు తెలుపు సినిమాగా, తర్వాత టీవీ సీరియల్‌గా, ఈమధ్య వెబ్ సిరీస్‌గా. ఆ మూడింటినీ మూలంతో పోల్చి, ఎవరు ఎంత ద్రోహం చేశారో తేల్చేస్తానని ఒప్పుకున్నాను. నవలను అన్నిసార్లు చదివినదాన్ని, ఆ మాత్రం అధికారం నాకు ఉందనుకున్నాను.

కథ చిన్నదే. పల్లెటూరికి వచ్చిన డాక్టరు అక్కడి పంతులమ్మను ప్రేమిస్తాడు. పెళ్లి చేసుకోమని అడిగిన తీరులో గర్వం కనిపించి ఆమె కాదంటుంది. అతను ఊరొదిలి పోతాడు. కొన్నేళ్లకు ఆమే వెతుక్కుంటూ వెళ్లి, "అప్పుడు మీరు అడిగిన తీరు బాగాలేదు. ఇప్పుడు నేను అడుగుతున్నాను" అంటుంది. నవల అక్కడితో ముగుస్తుంది.

నేను ఈ పనిలోకి దిగిన వారమే మా అత్తయ్య తడి గచ్చు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. డాక్టరు కట్టు కట్టి, మంచం దిగొద్దన్నాడు. మా ఆయన పొద్దున్నే విజయవాడ బస్సెక్కితే తిరిగొచ్చేది చీకటి పడ్డాకే. ఇంట్లో పగలంతా మేమిద్దరమే. మాకు పడదని ఎవరూ అనలేరు, పడకపోవడానికి సరిపడా మాటలు మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. "కూరలో ఉప్పు సరిపోయిందా అండీ?" "ఆఁ." ఆ పూటకు మా సంభాషణ అయిపోయినట్టే. ఆ మూడూ నేను ఎలాగూ చూడాల్సినవే కదా అని టీవీని ఆవిడ మంచానికి ఎదురుగా జరిపాను.

ముందు వెబ్ సిరీస్ పెట్టాను.

"వీళ్ల ఊళ్లో కరెంటు లేదా? ఎంతసేపూ చీకట్లో కూర్చుంటారేంటి?" అంది అత్తయ్య.

చివర్లో పంతులమ్మ డాక్టరు ఇంటి తలుపు తడుతుంది. తలుపు తెరుచుకోకముందే తెర నల్లబడిపోతుంది.

"మనక్కూడా కరెంటు పోయినట్టుంది."

"పోలేదండీ, అయిపోయింది. ఆ తర్వాత ఏమయిందో మనమే ఊహించుకోవాలి."

"ఊహించుకునేదానికి ఇంతసేపు చూడ్డం దేనికమ్మాయ్?"

ఆ ముగింపులోని గొప్పదనం గురించి నేను అప్పటికే రెండు పేజీలు రాసుకుని ఉన్నాను.

సీరియల్ దగ్గర మా ఇద్దరికీ నిజంగానే వాదన జరిగింది. నవలలో లేని తల్లిని డాక్టరుకు తగిలించారు. ఆవిడ ఉత్తరాలు చింపడం, పంతులమ్మ మీద నిందలు వేయడం, గుండె పట్టుకుని పడిపోవడం... వీటితోనే నెలలు గడిపారు. ఎపిసోడ్లు దాటించుకుంటూ చూసినా నాకు ఒళ్లు మండిపోయింది.

"అసలు నవల్లో ఈవిడ లేనే లేదండీ! డాక్టరు తల్లి కథ మొదలవకముందే చచ్చిపోయింది."

"అదీ సంగతి. అందుకే అంత తొందరగా అయిపోయింది కథ" అంది అత్తయ్య, తెర మీంచి చూపు తిప్పకుండానే. తనకైతే ఆ తల్లి మాటల్లో తప్పేమీ కనపడలేదట.

పాత సినిమా పెట్టగానే మాత్రం దిండుకు ఆనుకుని నిటారుగా కూర్చుంది.

"ఇది నేను చూసా. పెళ్లయిన కొత్తలో మీ మావయ్యతో."

అప్పుడు వాళ్ల కాపురం పెనుగంచిప్రోలులో. సినిమా చూడటం పాపమని పాస్టరుగారు ప్రతి ఆదివారం చెప్పేవారట. జగ్గయ్యపేటలో చూస్తే చర్చి వాళ్లెవరైనా కనపడతారని మావయ్య ఆవిణ్ణి నందిగామ తీసుకెళ్లాడు, మ్యాట్నీకి. తీరా అక్కడ ఆట ఆలస్యంగా మొదలైంది. ఊరికి పోయే బస్సు వేళవుతోందని, పంతులమ్మ ఏడుస్తూ కూర్చున్న దగ్గర ఈవిణ్ణి లేపేశాడు. బస్సులో ఈవిడ కూడా ఏడుపు మొహం పెడితే, "నేను నవల చదివాన్లే, మిగతాది చెప్తా విను" అన్నాడట.

"ఏం చెప్పారండీ?"

"డాక్టరే తిరిగొచ్చి ఆవిణ్ణి చేసుకుంటాడంట. ఆవిడ బడికెళ్లాలి కదా, రోజూ పొద్దున్నే ఆయనే లేచి టీ పెట్టి ఇస్తాడంట. ఆ టీ తాగుతా ఆవిడ నవ్వుద్ది, అక్కడ శుభం పడిద్దని చెప్పాడు."

"నవల్లో టీ లేదండీ" అనబోయి ఊరుకున్నాను.

"మర్నాడు పొద్దున నేను లేవలా. ఏంటే అన్నాడు. అంత చదువుకున్న డాక్టరే పెట్టగా లేంది, మీకేమొచ్చింది అన్నా. వెళ్లి పెట్టాడు. పోయేదాకా ఆయనే పెట్టాడు."

అది నిజమే. నేను కాపురానికి వచ్చేనాటికి కూడా ఆ ఇంట్లో పొద్దుటి టీ మావయ్యదే. పద్ధతైన మనిషి అని చుట్టాలంతా మెచ్చుకునేవారు. అది ఆయన సొంత అబద్ధానికి పడ్డ శిక్ష అని ఎవరికీ తెలియదు.

సినిమా చివరికొచ్చింది. డాక్టరు కారులో వచ్చాడు. పంతులమ్మ వానలో పరుగెత్తి ఆయన కాళ్ల మీద పడింది. తన అహంకారాన్ని క్షమించమంది. ఆయన క్షమించాడు. శుభం.

"ఇదేంటి, టీ ఏది?" అంది అత్తయ్య.

"ఇంతేనండీ సినిమా."

"నవల్లోనన్నా ఉందా?"

"లేదండీ. మావయ్యగారు నిజంగా చదివారా?"

"ఆయనా? కరెంటు బిల్లు తప్ప ఏదీ చదవలా."

గోడ మీది ఫొటో వైపు చూసి "అబద్ధాలకోరు" అంది. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. నాకు భయమేసింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుంటే తీర్చేవాళ్లెవరు? సాయంత్రం పలకరిద్దామని వెళితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్కతే నవ్వుకుంటోంది.

"ఆ బస్సు గనక ఇంకో గంటకి ఉండుంటే, ఆ కాళ్ల మీద పడే సీను చూసేవాళ్లం కదమ్మాయ్. ఇక నా బతుక్కి టీ ఎవరిచ్చేవాళ్లు?"

నేనూ నవ్వాను. మంచం మీద పక్కన కూర్చున్నాను కూడా. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో అక్కడ కూర్చోవడం అదే మొదలు.

సెమినార్‌లో నా ప్రసంగం అనుకున్నట్టు సాగలేదు. మూలానికి ద్రోహం అని మొదలుపెట్టానే గానీ, ఆ మాట నాకే కాస్త పెద్దదిగా వినిపించింది. రాసుకున్నది పక్కన పెట్టి, ఈ నవలకు నాలుగో రూపం కూడా ఒకటుందని, దాన్ని ఒకే ఒక్క ప్రేక్షకురాలు బస్సులో చూసిందని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీ విరామంలో మా ప్రిన్సిపాల్ దగ్గరికొచ్చి, "ఆ నాలుగోది ఏ ఓటీటీలో ఉందమ్మా?" అని అడిగారు.

ఇంటికొచ్చి ఇదంతా ఉత్సాహంగా అత్తయ్యకు చెప్పాను. ఆవిడ మొహం మాడిపోయింది.

"ఇంట్లో సంగతులు కాలేజీలో చెప్తారా? అంతమందిలో మీ మావయ్యని నవ్వులపాలు చేసొచ్చావా?"

"లేదండీ, అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు."

"మెచ్చుకున్నారా?"

"చాలా గొప్ప మనిషన్నారు."

ఆవిడకు అది కూడా నచ్చినట్టు లేదు. కట్టు కట్టిన కాలిని రెండు చేతులతో కొంచెం జరుపుకుని, గోడ వైపు తిరిగింది.

"చెప్పేదానివి పూర్తిగా చెప్పాల్సింది" అంది. "పంచదార ఎక్కువేసేవాడు. ఎన్నిసార్లు చెప్పినా వినలా."