ఖాళీగా ఉన్నవాడి పొద్దుటిపూట

ఉద్యోగం పోయిందని ఎవరైనా మా ఇంటికొచ్చి కూర్చుంటే, ఎవరిని కలిశావు, ఎక్కడెక్కడ దరఖాస్తులు పెట్టావు అని నేను అడగను. అవి అందరూ అడుగుతారు. "పొద్దున్న లేచాక మొదటి రెండు మూడు గంటలు ఎవరికి పోతున్నాయి నాయనా?" అంటాను. వాళ్ళు నావంక వింతగా చూస్తారు. నేను చదివింది ఐదో క్లాసే. కానీ మా ఇంట్లో ఆ గంటలు ఎటు పోయాయో నాకు బాగా గుర్తు.

డెబ్భైల చివర్లో మేం ఢిల్లీలో, మునిర్కాలో ఒక గదిలో ఉండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళ గేదెలు, పైన మేము. మావారు ఓఖ్లాలో ఫ్యాన్ల సామాను చేసే ఫ్యాక్టరీలో టర్నరు. ఇనప కడ్డీని లేత్ మిషనుకి బిగించి, తిప్పుతూ, కావలసిన కొలతకి చెక్కే పని. ఆ ఏడు చలి తగ్గుతుండగా ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది.

ఎండలు ముదిరేలోపు పని దొరక్కపోతే ఊరెళ్ళిపోవడమే. ఊళ్ళో ఏముంది? మా బావగారి ఎరువుల కొట్లో బస్తాలు మొయ్యడం. ఆ అన్నగారితోనే మాటామాటా పెరిగి, ఇక నీ గడప తొక్కనని వచ్చేసిన మనిషి ఈయన. ఆ సంగతి మేమిద్దరం పైకి అనుకునేవాళ్ళం కాదు. ట్రంకుపెట్టె మంచం కింది నుంచి బయటికి లాగితే మాత్రం ఆయన ముఖం మారిపోయేది, నేను దుప్పటి కోసమే లాగినా సరే.

మొదట్లో ఆయన ఒక మంచి పని చేశారు. తాళం పడ్డ మర్నాడే మేనేజరు ఇంటికి పోయి, ఇన్నేళ్ళు ఫలానా మిషను మీద చేశాడని సర్టిఫికెట్ రాయించుకున్నారు. తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్ళకి ఆ తర్వాత సంతకం పెట్టే మనిషే దొరకలేదు. ఎవరికి ఉద్యోగం పోయినా నేను ముందు చెప్పేది ఇదే, గేటు ఇంకా కనిపిస్తుండగానే ఆ కాగితం పుచ్చుకోమని.

రెండో పని మాత్రం తెలుగువాళ్ళం చేసే పనే చేశారు. మనవాళ్ళ దగ్గరికి వెళ్ళారు.

ఆర్కే పురంలో మా జిల్లా నుంచే వచ్చిన ఆఫీసరుగారొకరు ఉండేవారు. పెద్ద హోదా. ఆయన ఒక్క ఫోను చేస్తే ఏ ఫ్యాక్టరీ అయినా కాదనదని మావారి నమ్మకం. మొదటిసారి ఇద్దరం వెళ్ళాం. ఆయన పేపరు దించి, "చూద్దాం, మనవాడివి కదా" అన్నారు. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి, మేం వెళ్ళేటప్పుడు, "ఏమయ్యా, రేపు పొద్దున్న ఖాళీయేనా? మా పాల డిపో దగ్గర లైను చాలా పెద్దగా ఉంటోంది" అన్నారు.

అంతే. అక్కడ మొదలైంది. పాలు, తర్వాత గ్యాసు బండ, తర్వాత పిల్లల్ని బస్సెక్కించడం. వేసవి దగ్గర పడేసరికి రైలు రిజర్వేషన్లు. ఆ క్వార్టర్సులో ఉన్న తెలుగువాళ్ళందరికీ పాకిపోయింది, ఒక మనవాడు ఖాళీగా ఉన్నాడని. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. "బాబూ" అని ఆప్యాయంగానే పిలిచేవారు, టిఫిను పెట్టేవారు. ఒకావిడైతే నాకు చీర కూడా ఇచ్చింది. కాని ఎవరింటి నుంచీ ఫోను వెళ్ళలేదు.

"మొహమాటానికి చేస్తున్నారా, ఆశకి చేస్తున్నారా?" అని ఒకరోజు అడిగాను.

"నీకు తెలీదే. పెద్దవాళ్ళతో పని అంటే ఇలాగే ఉంటుంది. కళ్ళముందు మెదులుతుండాలి."

"పాలు పట్టుకుని మెదిలితే పాలవాడనుకుంటారు గానీ టర్నరనుకుంటారా?"

ఆయనకి కోపం వచ్చి ఆ పూట అన్నం తినలేదు. నేనూ తినలేదు. అంత పదునుగా అనకుండా ఉండాల్సింది. పని పోయిన మనిషికి ఇంట్లో మాట గుచ్చుకున్నట్టు బయటి మాట గుచ్చుకోదు.

మావారితో పక్క మిషను మీద పనిచేసిన హర్యానా ఆయన ఒకడుండేవాడు. పెద్ద గొంతు, పెద్ద మీసం. అతనికప్పటికే ఫరీదాబాదులో పని దొరికింది. ఎలాగయ్యా అంటే, రోజూ పొద్దున్నే ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు టీ తాగడమేనట. ఏ మిషను ఖాళీ అయిందో, ఎవరు మానేశారో టీ కొట్టువాడికి తెలిసినంత మేనేజరుకి కూడా తెలియదన్నాడు. మావారు ఆ మాట విని నవ్వేశారు. గేటు ముందు నిలబడేవాళ్ళు కూలీలని ఆయన లెక్క.

ఒక సాయంత్రం ఆ హర్యానా ఆయనే మెట్లెక్కి వచ్చాడు. మావారు ఇంకా ఇల్లు చేరలేదు.

"భాభీ, ఎప్పుడొచ్చినా మీ సాబ్ ఉండడే! నౌకరీ పోయాక మంత్రిగారయ్యాడా ఏమిటి?" అన్నాడు.

"కూర్చో భయ్యా. రిజర్వేషన్ లైనుకి టోకెన్ కోసం పోయారు."

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"మేం కాదు. ఆఫీసరుగారి వాళ్ళు."

అతను కాసేపు మీసం సవరించుకున్నాడు. "చూడు భాభీ, మా దగ్గర రేపు పొద్దున్న ఎనిమిదింటికి ట్రయల్ పెడుతున్నారు. ఒక కడ్డీ ఇస్తారు, చెక్కి చూపించాలి. నేను మాట ఇచ్చి వచ్చాను. ఎల్లుండి అంటే కుదరదు. ఇంకోడు నిలబడతాడు." వెళ్తూ మెట్ల మీద నుంచి అరిచాడు, "ఇస్త్రీ బట్టల్లో పంపకు! నిన్ను చూస్తే హెడ్ క్లర్కనుకుంటారని చెప్పు!"

మావారు వచ్చి విన్నారు. ముఖం వెలిగింది. వెంటనే ఆరిపోయింది. మర్నాడు పొద్దున్న స్టేషన్లో ఆఫీసరుగారి కుటుంబానికి బెజవాడ టికెట్లు తియ్యాలి. వాళ్ళు సెలవులకి బయల్దేరే తారీఖుకి బుకింగు ఆ రోజే మొదలట. ఆయన లైనులో లేకపోతే టికెట్లు ఉండవు. టికెట్లు లేకపోతే ఇన్నాళ్ళ మంచితనం పోతుంది. ఆ మంచితనం మీదే కదా ఫోను ఆధారపడి ఉంది!

"ఈ ఒక్కటీ చేసి పెడితే ఇంకా కాదనలేరే. ఫరీదాబాదు కాకపోతే ఇంకోటి" అన్నారు.

నేను అప్పుడు వాదించలేదు. "టికెట్లు నేను తీస్తాను. ఆడవాళ్ళ లైను చిన్నది. మీరు కాగితం నింపి ఇవ్వండి చాలు" అన్నాను. ఆయన నావంక చూశారు. నాకు హిందీ చదవడం రాదు, ఒంటరిగా బస్సెక్కి మునిర్కా దాటింది లేదు. అయినా నింపి ఇచ్చారు. ట్రంకుపెట్టె లాగి, అడుగున మడతపెట్టిన నీలం పని చొక్కా తీశాను. ఈసారి ఆయన ముఖం మారలేదు.

స్టేషన్లో ఆడవాళ్ళ లైను చిన్నదే కాని కదలదు. ఎవరో ఒకరు వచ్చి ముందున్నామె నా అక్కే, చెల్లే అని దూరిపోతుంటారు. నాకు గట్టిగా అరవడానికి భాష చాలలేదు. కిటికీ దగ్గరికి చేరేసరికి లోపలి మనిషి కాగితం చూసి, "ఫుల్. దూస్రీ తారీఖ్ బోలో" అన్నాడు. వేరే తారీఖు చెప్పే అధికారం నాకెక్కడిది? డబ్బు చెంగున ముడివేసుకుని అటునుంచి అటే ఆర్కే పురం వెళ్ళాను.

ఆవిడ డబ్బు అందుకుని నిలువుగా చూశారు. "మీ ఆయన ఏడమ్మా?"

"ఫరీదాబాదులో ట్రయల్ ఉంటే వెళ్ళారండి."

"ఆ ముక్క రాత్రే చెప్పి ఉంటే మా ప్యూన్ని పంపేవాళ్ళం కదా!"

ప్యూను ఉన్నాడన్నమాట. ఇన్నాళ్ళూ ఉన్నాడు. నేను వెనక్కి తిరగబోతుంటే ఆవిడ అన్నారు, కోపంగా కాదు, నొచ్చుకున్నట్టుగానే: "మావారు వచ్చే వారం ఎవరితోనో మాట్లాడదామనే అనుకుంటున్నారు. తొందరపడ్డారమ్మా."

ఆ మాట నిజమో కాదో నాకు ఇవాళ్టికీ తెలియదు. బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే లెక్క వేసుకున్నాను. అక్కడ ట్రయల్ పోతే, ఇక్కడ ఈ తలుపు మూసిందీ నేనే అవుతాను.

చీకటి పడ్డాక మావారు వచ్చారు. చేతులు నూనెతో నల్లగా ఉన్నాయి. చొక్కా ముందర అంతా మసి. మెట్లమీదే అడిగారు, "టికెట్లు దొరికాయా?"

"లేదు. మీ సంగతి చెప్పండి."

ఆయన గడప మీద కూర్చున్నారు. "మొదటి కడ్డీ పాడు చేశానే. చెయ్యి ఆగలేదు. ఇన్నాళ్ళు మిషను ముట్టకపోతే ఏమవుతుంది? ఫోర్‌మన్ అడిగాడు, ఈ మధ్య ఏం చేస్తున్నావని. లైన్లలో నిలబడుతున్నానని చెప్పాను. నవ్వి, రెండోది ఇచ్చాడు. అది కుదిరింది."

"తీసుకున్నారా?"

"హెల్పరుగా. టర్నరుగా కాదు. రోజు కూలీ. చెయ్యి తిరిగాక చూద్దామన్నాడు." చేతులు చూసుకుంటూ, "ఎప్పుడు చూస్తారని అడగలేకపోయాను" అన్నారు.

హెల్పరంటే తనలాంటివాడికి కడ్డీలు అందించడం. నేను కిరసనాయిలు గుడ్డ తెచ్చి ఆయన చేతులు తుడుస్తూ, ఆఫీసరుగారి భార్య అన్న మాటలన్నీ చెప్పేశాను, చివరి మాటతో సహా. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను, నోరు ఆగలేదు. ఆయన అంతా విని, "రేపు పొద్దున్న ఒకసారి వెళ్ళి కాళ్ళమీద పడితే..." అన్నారు.

నేను అవుననలేదు, వద్దనలేదు.

తెల్లారుతుండగా లేచి నీలం చొక్కా వేసుకున్నారు. నేను మేడమీది పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. సందు చివర కుడివైపుకి వెళ్తే ఆర్కే పురం, ఎడమవైపు ఫరీదాబాదు బస్సెక్కే స్టాపు. ఆయన అక్కడ ఆగారు. గేదెలు తోలుకెళ్ళే ఇంటాయన ఏదో పలకరిస్తే తల ఊపారు. తర్వాత చొక్కా కాలరు సవరించుకుని ఎడమవైపు తిరిగారు. బస్సు వచ్చేదాకా నేను కదల్లేదు.