ముప్పై గుర్రాలూ, ఒక పెట్టె పలకలూ

నా నోటిని నేనే అదుపులో పెట్టుకోలేక, ప్రాణంగా చూసుకున్న మోటారు సైకిలును ఒక్క రోజులో పోగొట్టుకున్న వైనం చెబుతాను. మీలో బండి ఉన్నవాళ్లు కాస్త దగ్గరగా వచ్చి వినండి. లేనివాళ్లు నన్ను చూసి హాయిగా నవ్వుకోండి.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మా మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ఊరూరా బడులు లేస్తున్నాయి, బడి లేచిన చోటల్లా పిల్లలకు పలకలు కావాలి. మాది పలకల దుకాణం. నాయన తెల్లారి లేస్తే పలకల మాటే. నేను లేస్తే బండి మాటే.

ఆ బండిని దోర్నాలలో ఒక వెదురు కాంట్రాక్టరు దగ్గర కొన్నాను. దాని మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుని అమ్మేశాడాయన. ఆ కట్టు చూసైనా బుద్ధి రావాల్సింది. రాలేదు. ఇంగ్లీషు దొరల కాలం నాటి రేసు బండి. ఐదువందల సీసీ, రెండు సిలిండర్లు, నాలుగు గేర్లు, ముప్పై గుర్రాల బలం, గంటకు తొంభై మైళ్లు. ఇవన్నీ నాకు ఎక్కాల కంటే బాగా వచ్చు. పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చున్నా పక్కవాడికి అప్పజెప్పేవాణ్ణి. పాపం వాడు పప్పు వడ్డించమని అడగడానికి కూడా సందు దొరికేది కాదు. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, మా వైపు సరైన రోడ్డు లేదు, పెట్రోలు బంకు లేదు, నా స్పీడు మాత్రం తొంభై మైళ్లు.

నాయనకు ఆ బండి అంటే ఒళ్లు మంట. "ముప్పై గుర్రాలంటివి. ఒక్క గుర్రమన్నా మన దుకాణానికి పనికొచ్చిందారా?" అనేవాడు.

ఆ మాటకు జవాబు చెప్పే అవకాశం రానే వచ్చింది. నంద్యాలలో పెద్ద టోకు వ్యాపారి ఒకాయన, అందరూ శెట్టిగారనేవాళ్లు, గిద్దలూరులో కూతురింటికి వచ్చి ఉన్నాడు. మన పలకల మచ్చు చూసి నచ్చితే ఆ ఏడాది సరుకంతా మన దగ్గరే తీసుకుంటానని కబురు పెట్టాడు. నాయన మచ్చు పెట్టెను బస్సుకు వేయబోతుంటే అడ్డం పడ్డాను.

"నాయనా, నేను బండి మీద తీస్కపోతా. ముందర చక్రానికి స్ప్రింగులుండాయి. పలకకు పోతున్నట్టే తెలీదు."

నాయన నన్నూ బండినీ మార్చి మార్చి చూశాడు. "సరే పో. ఆర్డరు వస్తే బండి జోలికి రాను. రాకపోతే రేపే అమ్మేస్తా. ఇంగ మాట్లాడేది లేదు."

పెట్టెను బొంతలో చుట్టి వెనక సీటుకు కట్టాను. ఇంక చూడండి నా ప్రయాణం. తొంభై మైళ్ల బండిని నడక వేగంతో నడిపించాను. గుంత కనబడితే దిగి తోశాను. నేను వద్దన్న బస్సు దుమ్ము కొట్టి దాటిపోయింది. బేస్తవారిపేట దగ్గర గొర్రెల మంద కూడా దాటింది. వెనకాలే వచ్చిన గొర్రెలాయన జాలిపడ్డాడు.

"ఏందన్నా, బండి చెడిపోయినాదా?"

"లేదన్నా, బాగుంది. పలకలుండాయి."

"అట్లనా. మరి నెత్తిన పెట్టుకొని నడిస్తే బిర్రన పోతివే."

ఈ అవమానాలన్నీ దిగమింగి గిద్దలూరు చేరాను. పెట్టె తెరిచి చూసుకుంటే ఒక్క పలకకు గీత పడలేదు. అక్కడితో పెట్టె శెట్టిగారి చేతిలో పెట్టి నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

శెట్టిగారు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పెట్టె వైపు చూడలేదు, బండి వైపు చూశాడు.

"ఏం బండి అబ్బాయ్ ఇది?"

అడిగాడు కదా, ఇంకేం. ఐదువందల సీసీ దగ్గర మొదలుపెట్టి తొంభై మైళ్ల దాకా గుక్క తిప్పుకోకుండా చదివాను.

"చెప్పేటోళ్లు శానామంది. గంట నుంచి చూస్తాండా, వీధి మొదట్లో నుంచి నువ్వు తోసుకుంటనే వచ్చినావు," అన్నాడు శెట్టిగారు.

చచ్చేంత సిగ్గేసింది. "ఎక్కండి శెట్టిగారూ, చూపిస్తా."

"ఆ పెట్టె దింపు ముందు."

ఇక్కడ వినండి, నా జన్మలో పలికిన అతి తెలివితక్కువ మాట ఇది: "ఎందుకు దింపేది? ఒళ్లో పెట్టుకోండి. పసిబిడ్డ పండుకున్నా లేవదు."

ఆయన పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. నేను బండిని వదిలాను. ఊరు దాటి రైలు గేటు వైపు పోతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంత గాలికి, కొంత గర్వానికి. పట్టాల మిట్ట దగ్గర బండీ, నేనూ, శెట్టిగారూ, పెట్టే తలా ఒక ఎత్తున లేచాం. ముగ్గురం మళ్లీ ఒకచోటే దిగాం. పెట్టె మాత్రం దాని దారిన అది పోయింది.

వెనక్కి వచ్చి తెరిచి చూస్తే చెక్క చట్రాలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో పలకలే లేవు. ఒక చట్రం పైకెత్తితే అందులోంచి శెట్టిగారి ముఖం కనబడింది, పటం కట్టించినట్టు. నా బండి నా కళ్ల ముందే సంతకు పోతున్నట్టనిపించింది.

శెట్టిగారు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడెంత స్పీడు పోయినాం?"

"అరవై మైళ్లండీ."

"అంటే ఇంగా ముప్పై ఉందా?"

"ఉందండీ."

ఆయన ఖాళీ చట్రాల వైపు తల కూడా తిప్పలేదు. "పలకలు మార్కాపురంలోనే చూస్తాలే. పద," అని బండెక్కి కూర్చున్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఉత్సాహంలో దారి పొడుగునా బండి గుణగణాలు ఏకరువు పెట్టాను. ఆయిలు కారుతుందన్న సంగతొక్కటి దాచాను. ఆయన అడుగుతూ, నేను చెబుతూ ఉండగానే ఊరొచ్చింది.

దుకాణంలో శెట్టిగారు ఒక్కో పలకనూ వేలితో తట్టి చప్పుడు విన్నాడు. "సరుకు బాగుంది. ఆర్డరు మీకే. ఒక్కటే షరతు. ఆ బండి నాకియ్యాల."

నాయన నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "తీస్కపోండి శెట్టిగారూ. పీడ పాయె."

నాకు ఏడుపొక్కటే తక్కువ. "నాయనా, ఆర్డరు వస్తే బండి అమ్మనంటివే."

"నేనేడ అమ్మినారా? గిద్దలూరు నుంచి ఈడిదాకా నువ్వే అమ్ముకుంటా వచ్చినావు."

ఆ రోజే కొత్త పలక మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను: ఒంట్లో ఊపిరున్నంత కాలం నా వస్తువును నా నోటితో మెచ్చుకోను. అప్పటి నుంచి ఎవరు అడిగినా నా సైకిలుకు బ్రేకులు పడవు, నా గడియారం వెనక నడుస్తుంది, నా గొడుగుకు చిల్లి. అన్నీ ఇంట్లోనే భద్రంగా ఉన్నాయి.

ఇంతసేపు విన్నారు కాబట్టి ఒట్టు ప్రకారం చెబుతున్నాను, ఈ కథ కూడా ఏమంత గొప్పది కాదు. ఎవరైనా అడిగితే అక్కడక్కడ ఆయిలు కారుతుందని చెప్పండి.