సముద్రం అవతలి రెండు అక్షరాలు

సిడ్నీ శివారు పెండిల్ హిల్‌లో నేను అద్దెకున్న గది ఒక ఫిజీ దంపతుల ఇంట్లో, వెనకవైపు ఉండేది. ఇద్దరికీ డెబ్బై దగ్గరపడుతున్నాయి. చెరకు తోటల్లో పనికని నెల్లూరు వైపు నుంచి ఓడెక్కి ఫిజీ చేరిన కుటుంబాలు వాళ్లవి. ఆంటీకి తెలుగు దాదాపు పోయింది. అంకుల్‌కు మాత్రం నాయనమ్మ నేర్పిన తెలుగు ఇంకా మిగిలింది. నేను తెనాలి నుంచి చదువుకోవడానికి వచ్చానని చెప్పగానే ఆయన గది తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు.

"మా నాయనమ్మ పోయినాక ఈ మాటలు ఎవురితోనూ ఆడలా, పాపా" అన్నారు.

నేను చదివేది ఎలక్ట్రానిక్స్ అని తెలిశాక గరాజ్‌లోకి తీసుకెళ్లి తన రేడియో చూపించారు. పక్కనే మనిషి ఎత్తున్న చెక్క శిలువలాంటిది, దాని చుట్టూ రాగి తీగ. అది యాంటెన్నా. ఫిజీలో ఆయన ఒక చిన్న విమానాశ్రయంలో టెక్నీషియన్. విమానాలకు దారి తెలియడం కోసం అక్కడ ఒక లాంగ్‌వేవ్ బీకన్, అంటే ఆగకుండా సంకేతం పంపే రేడియో స్టేషన్, ఉండేది. దానిలో మాటా పాటా ఏమీ రావు. రెండే అక్షరాలు, మోర్స్‌లో చుక్కలూ గీతలుగా, రోజంతా మోగుతూనే ఉంటాయి. అక్షరాలను కొట్టే పళ్ల చక్రం ఒకసారి విరిగితే ఆయనే ఆకురాయితో అరగదీసి కొత్తది చేశారట. రెండో అక్షరంలో చివరి గీత కాస్త పొడుగొచ్చింది. పైలట్లెవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి అలాగే వదిలేశారు.

సిడ్నీలో ఉండి ఆ బీకన్ వినడమే ఆయన సరదా. దాన్ని సరదా అనవచ్చో లేదో నాకు తరవాత అనుమానం వచ్చింది.

ఇంట్లో వినడం కుదరదు. టీవీలు, చార్జర్లు, పక్కనే రైలు లైను, అన్నీ కలిసి ఒకటే గరగర. అందుకని చలికాలంలో, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, శనివారం మధ్యాహ్నాలు ముగ్గురం కారులో సిడ్నీ దాటి హెలెన్స్‌బర్గ్ వెళ్లేవాళ్లం. ఆంటీని వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర దింపేవాళ్లం. మాది చర్చికి వెళ్లే కుటుంబం కాబట్టి నేను అంకుల్‌తో పాటు ఇంకాస్త ముందుకు, సముద్రం మీదికి తెరుచుకున్న కొండ అంచుకు వెళ్లేదాన్ని. ఇంజన్ ఆపేసి, చెక్క శిలువను గడ్డిలో నిలబెట్టి, ఇద్దరం చెరో హెడ్‌ఫోన్ పెట్టుకునేవాళ్లం. పొద్దు గుంకుతున్నకొద్దీ రేడియోలో దూరాలు తెరుచుకుంటాయి. ముందు దగ్గరి బీకన్లు, తరవాత న్యూజీలాండ్‌వి. బాగా చీకటి పడ్డాక, మూడు వేల కిలోమీటర్ల నీటి మీదుగా, ఉందో లేదో అన్నంత సన్నగా ఆయన రెండు అక్షరాలు. పొడుగు గీత రాగానే ఆయన వేలు ఎత్తేవారు. నేను పుస్తకంలో తేదీ, సమయం, ఎంత గట్టిగా వినపడిందీ రాసేదాన్ని.

"వాడు పనిలోనే ఉండాడు" అనేవారు ప్రతిసారీ.

వాడంటే ఆయన తమ్ముడు. పని నేర్పింది ఈయనే, ఇప్పుడు ఆ బీకన్‌ను చూసుకునేది అతను. ఎనభై ఏడులో ఫిజీ సైన్యం భారతీయుల మద్దతున్న ప్రభుత్వాన్ని పడగొట్టాక అంకుల్ కుటుంబంతో ఆస్ట్రేలియా వచ్చేశారు. మంచంలో ఉన్న తండ్రిని వదిలి రానని తమ్ముడు ఉండిపోయాడు. రెండేళ్లకు తండ్రి పోయారు. ఇక్కడి కాగితాలు ఇంకా తేలలేదు, దేశం దాటితే మళ్లీ రానిస్తారో లేదో తెలియదు. అంకుల్ వెళ్లలేదు. పెద్దకొడుకు పెట్టాల్సిన నిప్పు తమ్ముడు పెట్టి, ఆ రాత్రే ఫోన్ చేసి, ఇంక నాకు ఫోన్ చెయ్యొద్దన్నాడు.

అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. మధ్యలో ఒక్కసారి అంకుల్ ఒక ఉత్తరం రాశారు. దాన్ని ఉత్తరం అనకూడదేమో. దూరపు స్టేషన్లు వినేవాళ్లు తాము ఏం విన్నదీ ఎప్పుడు విన్నదీ రాసి పంపితే, స్టేషన్ వాళ్లు నిజమేనని సంతకం చేసి తిప్పి పంపే అలవాటు ఉంది. అలాంటి ఫారం ఒకటి విమానాశ్రయం అడ్రసుకు పంపారు. మూడు నెలలకు అది తిరిగొచ్చింది. కింద తమ్ముడి సంతకం. ఇంకొక్క మాట లేదు.

"అన్న వింటా ఉండాడని వాడికి తెలుసు. అది చాల్లే" అన్నారు.

రెండో చలికాలానికి ఆయన చెవులు బాగా మందగించాయి. వినికిడి మిషన్ పెట్టుకుని పైన హెడ్‌ఫోన్ పెడితే ఈలవేసేది, తీసేస్తే ఏమీ వినపడేది కాదు. అప్పటినుంచి ఆయన వేలు ఎత్తడం మానేసి నన్ను అడగడం మొదలుపెట్టారు.

"వస్తా ఉండాదా, పాపా?"

"వస్తోంది అంకుల్. ఈరోజు క్లియర్‌గా ఉంది."

జూలైలో ఒక శనివారం బీకన్ వినపడలేదు. సముద్రం మీద మెరుపులు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. అది నిజమే. ఆ వారంలోనే ఆయనకు గుండెలో నొప్పి వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఇంటికి తెచ్చిన రోజు ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి, "డాక్టర్ సెడ్ నో టెన్షన్, బేటీ. ప్లీజ్" అంది.

తరవాతి శనివారం ఆయన ఎంత చెప్పినా వినకుండా బయలుదేరారు. కారు ఆంటీ నడిపింది. కొండ మీద ఆకాశం శుభ్రంగా ఉంది. న్యూజీలాండ్ బీకన్లన్నీ గట్టిగా వచ్చాయి. వాటి పక్కన ఆయన బీకన్ ఉండాల్సిన చోట ఖాళీ. నేను యాంటెన్నాను అటూ ఇటూ తిప్పాను. శాలువా కప్పుకుని ఆయన నా మొహంలోకి చూస్తున్నారు.

"వస్తా ఉండాదా?"

"వస్తోంది అంకుల్."

ఆయన తల ఆడించారు. పుస్తకంలో సమయం రాశాను. ఎంత గట్టిగా అన్న గడిలో అంతకు ముందు వారాల అంకెలు చూసి, వాటికి దగ్గరగా ఒకటి వేశాను.

ఆ రాత్రి నాలాంటి శ్రోతలు రాసుకునే ఒక వెబ్‌సైట్‌లో వెతికాను. ఆ బీకన్‌ను శాశ్వతంగా ఆపేశారని, ఇక విమానాలకు దాని అవసరం లేదని రెండు వరుసల ప్రకటన ఉంది. కాస్త కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. పరీక్షలయ్యాక చెబుదాం అనుకున్నాను. ప్రతి శనివారం ఆయన అడిగారు, నేను వస్తోందన్నాను. అలా అయిదు వారాలు.

ఆగస్టు చివర ఒక ఆదివారం ఉదయం ఫోన్ మోగింది. ఆంటీ స్పీకర్ పెట్టింది. ఫిజీ నుంచి తమ్ముడి కూతురు. నాన్న నిద్రలోనే పోయారని, హిందీలో, ఏడవకుండా చెప్పింది.

అంకుల్ ఫోన్ దగ్గరికి వంగి అడిగారు. "నిన్నటిదాకా పనిలో ఉన్నాడు కదా? బాగానే ఉన్నాడు కదా?"

"ఎక్కడి పని, పెద్దనాన్నా? బీకన్ ఆపేసి నెలన్నర కావస్తోంది. నాన్నను ఇంటికి పంపించేశారు. ఆపిన రోజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? ఇప్పుడు అన్న ఫోన్ చేస్తాడు, అన్నాడు."

ఆ అమ్మాయి మాటలను ఆంటీ ఆయన చెవి దగ్గర మళ్లీ గట్టిగా చెప్పింది. ఆయన నా వైపు తిరిగారు. నేను టోస్ట్‌కు వెన్న రాస్తున్నాను. కత్తి కింద పెట్టడం కూడా తోచలేదు.

"నిజంగా ఆఖరుసారి ఎప్పుడు విన్నావు, పాపా?"

చెప్పాను. ఆయన లేచి పుస్తకం తెచ్చి, నేను చెప్పిన తేదీ దాకా పేజీలు తిప్పి, ఆ తరవాత నేను రాసినవన్నీ ఒక్కొక్కటే చదివారు.

"నా చెవులు కదా చెడిపోయినాయి" అన్నారు. "నువ్వు చెప్పుండాల్సింది."

మర్నాడే ఇద్దరూ ఫిజీకి వెళ్లారు. ఆ పన్నెండు రోజులు ఖాళీ ఇంట్లో నేను వాళ్ల మొక్కలకు నీళ్లు పోశాను. ఇల్లు మారిపోదామని గదులు చూశాను కూడా.

తిరిగొచ్చాక ఆయనే నా గదికి వచ్చి మంచం చివర కూర్చున్నారు. తమ్ముడి మంచంలోనే పడుకున్నానని చెప్పారు. బీకన్ గుడిసెకు తాళం వేసి ఉందట, నడుం ఎత్తు గడ్డి మొలిచిందట. నేను అంతవరకూ కూడబలుక్కున్నవి ఏవీ సరిగ్గా రాలేదు. క్షమించమన్నాను.

"మాఫీ సంగతి కాదు పాపా" అన్నారాయన. "నువ్వు ఆ రోజే చెప్పుంటే నేను ఫోన్ చేసుండేవాణ్ణా? దావలో అంతా నన్ను నేనే అదే అడుగుతా వచ్చినా. చేసుంటాననే అనిపిస్తాది. మళ్లీ, ఇరవై ఏళ్లు చెయ్యనోడు అప్పుడు మాత్రం చేసేవాడా అనిపిస్తాది. నాకు తెలియదు. ఇంకెప్పటికీ తెలియదు కూడా."

ఆయన లేచి, అన్నం తినడానికి రమ్మని చెప్పి వెళ్లారు.

నవంబరులో పారమట్టాలో ఉద్యోగం దొరికి నేను గది మారాను. వద్దంటున్నా వినకుండా ఆయనే నా సామాను కారులో వేసుకుని వచ్చారు. కొత్త గది కిటికీ సరిగా మూసుకోకపోతే స్క్రూడ్రైవర్ తెప్పించి బాగుచేశారు. పండగలకు పిలిచేవారు. మొదట రెండుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ఆయన చదువు గురించి, ఉద్యోగం గురించి, మా అమ్మ గురించి ఆప్యాయంగా అడిగేవారు. ఆ ఆప్యాయత ముందు కూర్చోలేక ఏదో పని ఉందని లేచేదాన్ని. ఆ తరవాత పిలిచినప్పుడల్లా షిఫ్ట్ ఉందని చెప్పేదాన్ని. కొన్నిసార్లు నిజంగానే ఉండేది.