బిలోలి కాకా ముద్ద ముట్టిన రోజు

ఆ రోజుల్లో మా వాళ్లలో పెళ్లి సంబంధం కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు. ఎవరు ఎవరింట్లో అన్నం తిన్నారో కనుక్కుంటే చాలు. మాట ఖాయం కాకముందు పిల్ల తరఫువాళ్లు పిల్లవాడి ఇంట్లో మెతుకు ముట్టకూడదు. చాయ్ తాగొచ్చు, నీళ్లు తాగొచ్చు, మరీ బలవంతపెడితే నాలుగు పుట్నాలు నోట్లో వేసుకోవచ్చు (పుట్నాలు తిండి కిందికి రావని ఎవరు తీర్మానించారో నాకు తెలియదు). అన్నం మాత్రం తినకూడదు. తిన్నారంటే పిల్లనిచ్చినట్టే. ఇప్పుడు పెళ్లిచూపులకే ఏసీ హోటల్లో కూర్చుని రెండు కుటుంబాలూ ఐస్‌క్రీమ్ తింటున్నాయి, నచ్చకపోతే మూతి తుడుచుకుని ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. మంచిదే. నేను పడ్డ భయం ఇంకొకరు పడాలని నేను కోరుకోను.

మాది నాందేడ్. ఇత్వారా బజారులో మా నాన్నకు స్టీలు గిన్నెల దుకాణం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరాఠీ, బేరం ముదిరితే దక్కనీ హిందీ, ఇదీ మా బతుకు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఉమ్రిలో చుట్టాల పెళ్లికి వెళ్లి, పంక్తిలో మజ్జిగ వడ్డించే పని మీద వేసుకున్నాను. ఒకమ్మాయి గ్లాసులో పోయాల్సిన మజ్జిగ, ఆమె ముఖం చూస్తూ, ఆమె విస్తరిలో జిలేబీ మీద పోశాను. ఇంకొకరైతే నన్ను నలుగురిలో కడిగేసేవాళ్లు. ఆమె జిలేబీని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా ఆ మజ్జిగ జిలేబీ తీసి తినేసింది. అప్పటినుంచి నేను మనిషిని కాలేదు. దుకాణంలో పళ్లెం అడిగినవాళ్లకు బిందె ఇస్తుండడం చూసి చూసి, అమ్మే నాన్న చెవిన వేసింది. వాకబు చేస్తే ఆ అమ్మాయిది బిలోలి, తండ్రి లేడు, ఇంట్లో తల్లీ కూతుళ్లే. మంచికీ చెడ్డకూ మేనమామదే మాట. మేం కబురు పెడితే ఆయన, పిల్లవాణ్ణి చూడ్డానికి తానే వస్తానన్నాడు. పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం బస్సుకు పోతాడట.

ముందురోజు దుకాణం ఫోన్ మోగింది. గిన్నెల రేటు అడగడానికి ఎవరో అనుకుని ఎత్తాను. "మా మామ అస్తుండు రేపు" అంది ఆడగొంతు. "ఆయన బయట ఏం తినడు, అన్నిటికి వంకలు పెడ్తడు. మీరు ఎట్లన్న జేసి తినిపియ్యిన్రి. ఉపాసంతోని బస్సెక్కిండంటే ఆయనకు లోకమంత చెడ్డగనే కనవడ్తది." నేను ఏదో అనబోయేలోగా, "నాకైతే ఇష్టమే" అని పెట్టేసింది. ఆ చివరి మాటకు నేను ఆకాశంలో తేలాల్సింది. తేలాను కూడా, ఒక నిమిషం. తర్వాత మొదటి మాటలు గుర్తొచ్చాయి. అంటే ఇక అడ్డు ఒక్కటే, ఆయన కడుపు. దాన్ని నింపాల్సింది నేను. అదీ మా ఇంట్లో కాదు, ఊళ్లో.

బిలోలి కాకా (వరస కలవకముందే నేను ఆయన్ని కాకా, అంటే బాబాయి, అనడం మొదలుపెట్టాను, ఆశ అలాంటిది) సన్నగా, తెల్లగా ఉతికిన చొక్కాతో బస్సు దిగాడు. చేతిసంచీలో తన నీళ్లసీసా తనే తెచ్చుకున్నాడు. బెంచీ మీద రుమాలు పరిచి గాని కూర్చోలేదు. అమ్మ చాయ్ ఇస్తే పైన కట్టిన మీగడను చిటికెనవేలి గోటితో జాగ్రత్తగా తీసి సాసరు అంచున పెట్టి, మిగిలింది తాగాడు. తలుపు వెనక నుంచి చూస్తున్న అమ్మ ముఖం పాలిపోయింది. దుకాణం చూశాడు, ఇల్లు చూశాడు, నాన్నతో వ్యాపారం సంగతులు మాట్లాడాడు. నన్ను మాత్రం పొద్దున ఎన్నింటికి లేస్తావని అడిగి, నేను చెప్పింది నమ్మినట్టూ నమ్మనట్టూ చూశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి నాన్న, కాకాను తీసుకుపోయి మంచిగా తినిపించుకు రమ్మని నాకు స్కూటర్ తాళం ఇచ్చాడు. ఆ తాళం అంత బరువుందని నాకు అంతకుముందు తెలియదు.

మొదట స్టేషన్ రోడ్డులో మిసల్ హోటల్‌కు తీసుకెళ్లాను. ఊరు మొత్తం అక్కడ నిలబడైనా తింటుంది. మనకు నచ్చింది ఆయనకూ నచ్చుతుందనుకోవడం నా వయసు తప్పు. ఆయన కూర్చోకముందే వెనక్కి వెళ్లి వంటగదిలోకి తొంగిచూసి వచ్చాడు. ఏం చూశాడో చెప్పలేదు. ప్లేట్లు వచ్చాయి. మొలకల మీద ఎర్రటి తర్రీ, అంటే కారం నూనె రసం, అంచుదాకా తేలుతోంది. ఇదేందని అడిగితే చెప్పాను. ఆయన వేలు ప్లేటు దాకా తీసుకెళ్లి, వెనక్కి తీసుకున్నాడు. తిట్టి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది. చాలా మెత్తగా, "బాగనే ఉన్నట్టుంది. నువ్వు తిను" అని తన ప్లేటు నా ముందుకు జరిపాడు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? వద్దంటే పెద్దవాళ్ల మాట కాదన్నట్టు. వదిలేస్తే అన్నం విలువ తెలియని దుబారా మనిషి. రేపు బిలోలిలో తన అక్కకు ఏం చెప్తాడో నాకు అప్పుడే వినపడుతోంది. నా మిసల్ తిన్నాను, ఆయన మిసల్ తిన్నాను, కళ్లల్లో నీళ్లు కారానికా భయానికా అని నాకే తేలలేదు.

అక్కడినుంచి ఊళ్లోనే వజీరాబాద్ పేటలో ఒక ఖానావళ్‌కు పోయాం. ఇంటి భోజనంలా ఉంటుందని పేరు. నడిపే ఆవిడను అందరూ మావశీ, అంటే పిన్ని, అంటారు. ఆమె మన ఎదురుగానే జొన్నభాకరీ తట్టి, కాల్చి, శనగపిండి పిఠ్లతో వడ్డిస్తుంది. ఇంతకంటే శుభ్రం ఎక్కడుంటుంది, దేవుడున్నాడు అనుకున్నాను. బిలోలి కాకా ఆమె చేతుల్నే చూస్తున్నాడు. రొట్టె తడుతుంటే ఆమె గాజులు పిండిలో మునుగుతున్నాయని నా చెవిలో చెప్పాడు. అంతవరకూ నేను ఆ గాజుల్ని చూడలేదు. తర్వాత అవి తప్ప నాకు ఏమీ కనపడలేదు. మావశీకి మాత్రం తన దగ్గర కూర్చున్నవాడు తినకపోవడం అవమానం. "కాయ్ ఝాలే కాకా, జేవత్ నాహీ?" అని నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి నిలబడింది, ఏమైంది, తినడం లేదేమని. ఆయన మంచి మరాఠీలో తన పొట్ట బాగాలేదని మర్యాదగా చెప్పి, పళ్లెం నా వైపు జరిపాడు. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. నేను రెండు పళ్లేలూ ఆమె కళ్లముందే ఖాళీ చేశాను. మంచి పిల్లవాడివని నాకు ఇంకొక భాకరీ వేసింది.

బయటికి వచ్చాక స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి కాలు లేపితే కాలు లేవలేదు. ఎండ మాడుతోంది. ఆయన పెదాలు ఎండిపోయాయి, అయినా తన సీసాలో నీళ్లు కొంచెం కొంచెంగానే తాగుతున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, నిజంగా జాలి వేసింది, జాలిని మించి భయం వేసింది. ఆ మనిషి ఆకలి గంట గంటకూ పెరుగుతోంది, ఆ పెరిగిన ఆకలంతా నా ఖాతాలోనే పడుతుంది. చివరికి ఆయనే, ఇడ్లీ అయితే చూద్దామన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దారిలో గుంతలో పడ్డప్పుడల్లా నా కడుపులో మిసలూ పిఠ్లా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పెద్దమనిషి వెనక కూర్చుని ఉండగా తేన్చకూడదని పళ్లు బిగించి పట్టుకుని, ఆ ఊళ్లో ఉన్న ఒకే ఒక ఉడుపి హోటల్ ఆరోజు మూసి ఉండకూడదని దారిపొడుగునా దండం పెట్టుకున్నాను.

తెరిచే ఉంది. ఇడ్లీ వచ్చింది. ఆయన వేలితో నొక్కి చూశాడు, విరిచి వాసన చూశాడు, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఆ ముక్క నమిలేంతసేపు నేను ఊపిరి తీసుకోలేదు. మింగాడు కూడా. నేను లోపల పెళ్లి పందిరి వేసుకుంటున్నాను. అంతలో సర్వర్ పక్క బల్ల తుడిచిన గుడ్డతోనే మెడ మీది చెమట తుడుచుకుని, అదే గుడ్డ భుజాన వేసుకుని, మా బల్ల మీద చట్నీ గిన్నె పెట్టాడు. బిలోలి కాకా ఆ గుడ్డను చూశాడు, నన్ను చూశాడు, ప్లేటు జరిపాడు. ఈసారి తినమని కూడా అనలేదు. అనకపోయినా నేను తిన్నాను. ఎందుకు తిన్నానో నేను ఇప్పటికీ చెప్పలేను.

బస్సుకు ఇంకా టైముంది, సంచీ ఇంట్లో ఉంది, అందుకని ఇంటికి వచ్చాం. మేం బయట తినేసి ఉంటామని అమ్మ మా ఇంటిమట్టుకు వండుకుంది. నాన్న దుకాణం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. మేం గడప దాటేసరికి లోపల పుంటికూర (గోంగూర) పప్పులో పోపు చుంయ్యిమంది. ఎల్లిపాయ వేగిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. బిలోలి కాకా సంచీ మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగిపోయాడు. తర్వాత మెల్లగా నడిచి వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. పొద్దున్నించి హోటళ్లలో చూసినట్టే అంతా చూశాడు, పొయ్యి, కుండ మీది మూత, అమ్మ చేతులు. అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. కూర్చోమని అంటే పిల్లనివ్వమని మెడ మీద కత్తి పెట్టినట్టు. అనకపోతే ఆకలిగొన్న మనిషిని గడపలో నిలబెట్టినట్టు.

"వదినె, పుంటికూర పప్పేనా? ఇంత పెట్టున్రి" అన్నాడాయన.

అమ్మ గరిట పట్టుకుని అలాగే ఉండిపోయింది. అప్పుడు నాన్న, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, ఆ మాట అన్నాడు. "అన్నా, నువ్వు ఆకలి మీద ఉన్నవ్. మా ఇంట్ల తింటే మాట అయిపోయినట్టే. పోరడు మనసుకు రాకపోతే చెప్పు, డబ్బాల కట్టిస్త, బస్సుల తిను. మేమేం తప్పు పట్టం."

ఆ క్షణంలో కన్నతండ్రిని నేను చూసిన చూపు ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది. నోటిదాకా వచ్చిన పెళ్లిని డబ్బాలో కట్టి బస్సెక్కిస్తానంటున్నాడు. బిలోలి కాకా నాన్న ముఖంలోకి చూశాడు. తర్వాత ఆయన పెరట్లోకి వెళ్లాడు. పోయినట్టే అనుకున్నాను. నల్లా తిప్పిన చప్పుడైంది. చేతులు కడుక్కుని, తన రుమాలుతో తుడుచుకుని వచ్చి, పీట మీద కూర్చున్నాడు.

"ఎర్కనే అన్నా. తెల్వకనే చేతులు కడుక్కుంటనా" అని, నన్ను కూడా పక్కన కూర్చోమన్నాడు.

ఆయన రెండుసార్లు అన్నం అడిగి వేయించుకున్నాడు. నేనూ తిన్నాను. ఇంత సంతోషంగా, ఇంత కష్టంగా నా జన్మలో ఎన్నడూ తినలేదు. ఆ తర్వాత రెండు రోజులు నాకు పెట్టింది వాముకషాయమే.

మొన్న వానల్లో బిలోలి కాకా మా ఇంటికి వచ్చినప్పుడు, మా ఆవిడ ఆయన చాయ్‌లో మీగడ తీసి ఇస్తుంటే, ఇన్నేళ్లకు ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నచ్చింది నేనా, పప్పా అని. ఆయన చాయ్ అందుకుని చెప్పాడు. "ఆ దినం పొద్దుగాలనుంచే నా గొంతుల ఏం దిగలే, బిడ్డ. బావ లేడు. అక్క పిల్లను నా చేతులల్ల పెట్టి, నువ్వే చూసి రా అన్నది. తప్పు మనిషికిస్తే ఆ పిల్ల మొఖం ఎట్ల చూడాలె? భయం సగం, ఆ హోటళ్ల నూనె సగం. మీ నాయిన డబ్బాల కట్టిస్త అన్నడు సూడు, అప్పుడు పోయింది భయం. అసొంటి ఇంట్ల పిల్ల ఏడ్వదు అనిపిచ్చింది." మా ఆవిడ చాయ్ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది, చాలాసేపు బయటికి రాలేదు.

అంటే ఆ రోజు మా ఇద్దరికీ భయమే. మూడు హోటళ్లలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరు తినలేక, ఒకరు తినక తప్పక, ఊరంతా తిరిగాం. నేను మనసులో తిట్టుకున్న మా నాన్న ఒక్క మాటతో ఇద్దరినీ గట్టెక్కించాడు. ఇప్పుడు ఎప్పుడైనా స్టేషన్ రోడ్డులో వెళ్తుంటే, చెమటలు కక్కుకుంటూ రెండో ప్లేటు మిసల్ లాగించేస్తున్న ఆ ఇరవై ఆరేళ్ల కుర్రాడు కళ్లముందు మెదులుతాడు. పాపం, తన పెళ్లి తన కడుపు మీదే ఆధారపడి ఉందనుకున్నాడు. పక్కన కూర్చుని, నెమ్మదిగా తినరా, నిన్ను ఇష్టపడే పిల్ల బిలోలిలో నీకోసం ఎదురుచూస్తోంది అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు వినడు, ముందు ప్లేటు ఖాళీ చెయ్యాలంటాడు.