జగదాంబ టీచరు బీరువాలో నాలుగు పుస్తకాలు

జగదాంబ టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుందని రెడ్డిగూడెం చుట్టుపక్కల అందరూ అనేవారు. అది అబద్ధమేం కాదు. ఆ కోపం ఎవరి కోసమో అడిగినవాళ్ళే తక్కువ.

ఆమెది ఒక్క టీచరుండే బడి. నూజివీడు నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేది. ఏటా పరీక్షలు అవ్వగానే సంచీ పట్టుకుని నూజివీడులో ప్లీడర్ల ఇళ్ళూ ఆఫీసర్ల ఇళ్ళూ తిరిగి, మీ పిల్లలు రాయగా మిగిలిన పుస్తకాలివ్వండని మొహమాటం లేకుండా అడిగేది. వాటిలో ఖాళీ కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ల అట్టలు వేసి, జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లలకు ఊరికే పంచేది. ఒక పేజీకి గీతలుంటే పక్క పేజీకి ఉండేవి కావు. అయినా పిల్లలు వాటికోసం ఎగబడేవారు. తెరిచిన రోజు చేతిలో పుస్తకం లేకపోతే కూలివాళ్ళ పిల్లలు సిగ్గుపడి గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతారనీ, అలా పోయినవాళ్ళు మళ్ళీ రావడం కష్టమనీ ఆమెకు బాగా తెలుసు.

ఎనభై మూడులో వెంకటకృష్ణారావు ముందుకొచ్చాడు. చుట్టుపక్కల మామిడితోటల కాపంతా కొనే వ్యాపారి ఆయన. బడిలో పిల్లలందరికీ తలా రెండేసి కొత్త పుస్తకాలు, ఒక పెన్సిలు ఇస్తానన్నాడు. జగదాంబ సంబరపడిపోయింది. ఆ ఏడు నూజివీడులో ఏ గడపా తొక్కలేదు, దబ్బనం ముట్టుకోలేదు. ఆ మాట నమ్మినందుకు తనని తాను తర్వాత ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్కలేదు.

బడి తెరిచిన రోజు షామియానా వేశారు, మైకు పెట్టారు. నూజివీడు నుంచి ఫోటోగ్రాఫరు వచ్చాడు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నారు. జగదాంబ హాజరు పట్టీ తీసి పేర్లు పిలిచింది. ఇరవై ఎనిమిది మందిలో పదహారుమందే పలికారు. దుర్గ ఏదని అడిగితే రెండో తరగతి ఉమ లేచి చెప్పింది. కలెక్టర్ మామిడికాయ కోత నడుస్తోందిట. సాయంత్రానికి లారీ హనుమాన్ జంక్షన్ దాటాలని రావుగారు కబురు పెట్టారుట. పిల్లలతో సహా కాయలు సర్దే షెడ్డుకి రాని ఆడవాళ్ళకి రేపటినుంచి పని లేదన్నారుట.

ఇదేమీ వినపడనట్టు రావుగారు మైకు అందుకున్నాడు. "బడికి వచ్చినవాళ్ళకే ఇద్దామండి. రానివాళ్ళకి చదువు మీద శ్రద్ధ లేనట్టే కదా. మిగిలినవి ఇంకో ఊరి బడికి ఇచ్చేద్దాం."

ఇన్‌స్పెక్టరు గారు తలూపారు. జగదాంబకి ఒళ్ళు మండిపోయింది. ఎంత సిగ్గులేని మాట! పట్టీ చంకలో పెట్టుకుని, పుస్తకాల కట్ట ఎత్తుకుని, మిగతావాళ్ళకి కూడా పంచి వద్దాం రండని నడక సాగించింది. అదీ సభలో భాగమే అనుకుని ఇన్‌స్పెక్టరు గారు లేచారు. ఆయన లేచాక రావుగారికి కదలక తప్పలేదు.

షెడ్డులో వరిగడ్డి, కాయల గుట్టలు, బుట్టలు. ఆడవాళ్ళ మధ్య పిల్లలు కూర్చుని కాయలు ఏరుతున్నారు. జగదాంబ గుమ్మంలో నిలబడి, బడిలో పిలిచినట్టే పేర్లు పిలిచింది. దుర్గ అలవాటు కొద్దీ దిగ్గున లేచి చేతులు కట్టుకుంది.

"ప్రెజెంట్ టీచర్."

ఆ చేతుల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు నల్లగా ఉన్నాయి. ఒక్కొక్కరే పన్నెండుమందీ పలికారు. ఆఖరున చిన్నయ్య షెడ్డు పక్కనున్న చెట్టు మీద నుంచి పలికాడు.

జగదాంబ రావుగారి వైపు తిరిగింది. "వచ్చినవాళ్ళకే ఇద్దామన్నారు కదండీ. అందరూ వచ్చారు. నా దగ్గరికి కాదు, మీ దగ్గరికి."

ఆయన మొహం కందిపోయింది. తనేం కట్టేసి ఉంచలేదనీ, తల్లులే తెచ్చుకున్నారనీ నవ్వబోయాడు. పుస్తకాలు ఇక్కడే పంచేద్దామని ఫోటోగ్రాఫరుకి సైగ చేశాడు.

"పుస్తకాలు నేను కుట్టుకోగలనండి," అంది జగదాంబ. "పిల్లల్ని ఇవ్వండి."

లారీ ఆగదని రావుగారు గాలిలోకి అని, తల్లుల వైపు ఒక్క చూపు చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. దుర్గ తల్లి రమణమ్మ మాత్రం కూతురి చేతులు తన కొంగుతో తుడిచింది.

"నువ్వు పోవే. రేపు నాకు పని లేకపోతే లేదు."

దుర్గ వెనక ఇంకో ఇద్దరు కదిలారు. తొమ్మిదిమంది కదల్లేదు. ఇన్‌స్పెక్టరు గారు గడియారం చూసుకున్నారు.

మర్నాడు రమణమ్మని నిజంగానే పనిలోంచి తీసేశారు. ఆమె విస్సన్నపేట వైపు కూలికి పోయింది. ఇన్‌స్పెక్టరు గారు తన రిపోర్టులో దాత ఔదార్యాన్ని మెచ్చుకుని, హాజరు తక్కువగా ఉన్నందుకు జగదాంబకి మెమో పంపారు.

ఆ తొమ్మిదిమంది పుస్తకాల మీదా ఆమె పేర్లు రాసి బడి బీరువాలో పెట్టింది. ఇంకో బడికి పంపమని రావుగారు రెండుసార్లు మనిషిని పంపినా ఇవ్వలేదు. కాపు అయిపోయాక ఏడుగురు వచ్చారు. చిన్నయ్య, సత్యవతి రాలేదు. వాళ్ళవాళ్ళు ఏ తోటకి వలస పోయారో ఎవరూ చెప్పలేకపోయారు.

మరుసటేడు జగదాంబ మళ్ళీ సంచీ పట్టుకుంది, దబ్బనం తీసింది. తర్వాత కూడా పిల్లలకి ఏదైనా ఇస్తాం, ఒక చిన్న సభ పెట్టండి అంటూ పెద్దమనుషులు వచ్చేవారు. ఆమె బీరువా తెరిచి ఆ నాలుగు పుస్తకాలూ వాళ్ళ ముందు పెట్టేది.

"ముందు వీటి తాలూకు పిల్లల్ని వెతికి తెండి. సభ ఆ రోజే పెడదాం."

కొందరు నవ్వేవారు, కొందరు టీచరుకి పొగరనేవారు. వెతకడానికి మాత్రం ఒక్కరూ పోలేదు.