బావి తవ్వుతున్నాడమ్మా

మా పాస్టరమ్మగారికి టీవీలో డబ్బింగ్ మాటలంటే ఒళ్ళుమంట. "వీళ్ళకి తెలుగు రాదు, నేను చెప్తానుండండి" అని సౌండ్ పూర్తిగా తీసేసి, బొమ్మ నడుస్తుంటే కథంతా తనే చెప్పేవారు. అవనిగడ్డ దగ్గర మా ఊళ్ళో స్త్రీల కూడిక అయ్యాక అదే మాకు సినిమా.

ఆ రోజు వేసింది, ఆవిడ ఎప్పుడో చదివిన నవలని టీవీకి తీసిన కథ. ఎద్దుబండ్ల మీద కొత్త భూములకి వెళ్ళిన ఒక విధవరాలు, భార్య పోయిన ఒక రైతు, దేవుడి మీద భారం వేసి పెళ్ళి చేసుకుంటారు. మెల్లగా ప్రేమ పుడుతుంది. అప్పుడు నాకు ఏడో నెల. తొలిచూలు బిడ్డ గుడివాడ ఆసుపత్రిలో పోయి ఏడాదే అయింది.

తెరమీద వాళ్ళ పసిదానికి జ్వరం వచ్చింది. ఆ తర్వాత రైతు పార పట్టుకుని ఇంటి వెనక నేల తవ్వుతున్నాడు. పాస్టరమ్మగారు నా వైపు చూడలేదు.

"బావి తవ్వుతున్నాడమ్మా," అన్నారు.

"అంత బుల్లి బావేంటండీ?" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

"ఇప్పుడేగా మొదలెట్టాడు, తవ్వనీవే."

నాకు తెలిసిపోయింది. అయినా కాన్పయ్యేదాకా ఆవిడ మాటే పట్టుకుని బతికాను.

పోయిన వారం సమాధుల తోటలో ఆవిడ కోసం తవ్వుతుంటే, నా చంకలో ఉన్న మూడేళ్ళ పాప అడిగింది.

"ఏం తవ్వుతున్నారమ్మా?"

"బావి," అన్నాను.

"మరి పాస్టరమ్మమ్మ చూడ్డానికి రాలేదేం?"